పసుపు రంగు లోహపు గడియారం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను అబిడ్స్ వైపు ఒక స్టేషన్‌కి సబ్-ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. నా వంతు క్రైమ్ పని, అంటే దొంగతనాల కేసులు. అప్పటికే ముప్పై ఏళ్ల పైచిలుకు ఖాకీ వేసుకున్నదాన్ని కాబట్టి అనుమానం నాకు జబ్బులా పట్టుకుంది. మా ఆయన బజారు నుంచి కూరగాయలు తెస్తే సంచీ వైపు చూడను, ముందు ఆయన మొహం వైపు చూస్తాను. ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ.

ఆ కేసు పెట్టినాయన పేరు రఘువీర్. సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం, నాంపల్లిలో సొంత ఇల్లు. కిందటి ఏడు తండ్రి పోయాడు. తల్లి మంచంలో ఉంది, చూపు లేదు, మతి కూడా కుదురుగా లేదన్నాడు. తండ్రి బంగారు చేతి గడియారం బీరువాలోంచి పోయిందని ఫిర్యాదు. వెంట చెల్లెలు సరళ వచ్చింది. ఆమె బషీర్‌బాగ్‌లో కాలేజీ లెక్చరరు. గడియారం తనకిస్తానని తండ్రి అందరి ముందూ చెప్పాడట. అడగబోతే పోయిందన్నారట. కేసు పెట్టాల్సిందేనని అన్నని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినట్టే తీసుకొచ్చింది.

ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగాను. రఘువీర్ కాస్త నసిగి, తల్లిని చూసుకునే కేర్‌టేకర్ మెర్సీ పేరు చెప్పాడు. ఆమెది మెదక్. ఒక ఏజెన్సీ పంపితే వచ్చి, ఆ ఇంట్లోనే ఉంటోంది.

వస్తువు ఆనవాళ్లు చెప్పమన్నాను. మామూలుగా జనం ‘బంగారుదండి, బాగా ఖరీదు’ అని ఊరుకుంటారు. ఈయన అలా కాదు.

“గది డ్రెస్ వాచ్ మేడం, పెండ్లిళ్లకు పెట్టుకునేది. పల్చగ బిళ్ల లెక్క ఉంటది. రోజు కీ ఇయ్యాలె. కఫ్ కిందికి వోతే ఉన్నట్టే తెల్వది. జరసేపటికి ఒంటి వేడికి ఎచ్చగైతది,” అన్నాడు.

మీరెప్పుడైనా పెట్టుకున్నారా అంటే, “అయ్యో, నాయిన ముట్టనియ్యకపోయేది మేడం,” అన్నాడు.

నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. ముట్టనివ్వని గడియారం వెచ్చబడుతుందని ఈయనకెలా తెలుసు? తండ్రి చెప్పి ఉంటాడులే అనుకున్నాను గానీ, ఆ మాట పంటికింద రాయిలా ఉండిపోయింది.

ఎఫ్‌ఐఆర్‌లో ‘పసుపు రంగు లోహపు గడియారం ఒకటి’ అని రాశాను. మా శాఖలో బంగారాన్ని బంగారం అనం. పరీక్ష చేయించనిదే ఏ లోహమో మేం చెప్పకూడదు కాబట్టి రంగు మాత్రమే రాస్తాం. ఎత్తుకుపోయిన బంగారం మీద కూడా పోలీసులు ఎంత అనుమానం పెట్టుకుంటారో చూడండి! సరళకి కోపమొచ్చింది. “మా నాయినది ఇత్తడిదా మేడం?” అంది.

తాకట్టు దుకాణాలు, అబిడ్స్‌లో పాత గడియారాలు కొనేవాళ్లు, అందరినీ మా వాళ్లు కదిపారు. ఎక్కడా జాడ లేదు. దొంగిలించినవాడు అమ్ముకోవాలి కదా, అమ్మకపోతే ఎందుకు తీసినట్టు? ఇది కూడా నాకు నచ్చలేదు.

ఇక మెర్సీని అడగాలి. ఆడమనిషిని స్టేషన్ చుట్టూ తిప్పడం నాకు ఇష్టముండదు, ఆమె ఉంటున్న రఘువీర్ ఇంటికే వెళ్లాను. సాయంత్రం వేళ. సరళ కూడా అక్కడే ఉంది. మెర్సీ ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. పెద్దావిడ మంచం దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. నిజం చెప్పాలంటే ఆ నిబ్బరం చూసి ఆమె మీదా నాకు అనుమానం పెరిగింది.

“నా బ్యాగు మూడు మాట్ల ఎతికిన్రు మేడం. మీరు గూడ ఎతుకున్రి. దొరకకున్నా ఏజెన్సీ వాళ్లు నన్ను ఇంకో ఇంటికి పంపరు. దొంగ అని పేరు వడ్డంక ఎవలు రానిస్తరు?” అంది.

ఇంతలో రఘువీర్ దుకాణం నుంచి వచ్చాడు. పొద్దు వాలినా వేడి తగ్గలేదు, ఈయనకి మాత్రం నిండు చేతుల చొక్కా, మణికట్టు దగ్గర గుండీలు పెట్టి ఉన్నాయి. నాకు నమస్కారం పెట్టి, తల్లికి పాలు, మాత్ర ఇవ్వడానికి వెళ్లాడు. రాత్రి మాత్ర తానే వేస్తాడట. ఎడమ చెయ్యి తల్లి మెడ కిందికి పోనిచ్చి తల పైకెత్తి, కుడిచేత్తో గ్లాసు పట్టాడు. ప్రేమగానే చేశాడు, కాదనను.

పెద్దావిడ మొహం విప్పారింది. “మీ నాయిన వచ్చిండురా,” అంది.

“మతి లేదు మేడం. రోజు గిదే మాట,” అన్నాడు రఘువీర్.

“రోజు గిదే టైముకు అంటది,” అంది గోడ దగ్గర్నుంచి మెర్సీ. “నేను తాపిస్తే ఎన్నడు అనదు.”

ఆ మాట అనడంలో ఆమెకి ఏ ఉద్దేశమూ లేదు. నేను మాత్రం ఆయన మణికట్టు గుండీల వైపు చూశాను. నేను తాపిస్తానని రఘువీర్ చేతిలోంచి గ్లాసు తీసుకున్నాను. ఆయన పట్టినట్టే ఎడమ చెయ్యి మెడ కిందికి పోనిచ్చి ఎత్తాను. నాది బ్యాటరీ వాచీ. పెద్దావిడ పాలు తాగింది, ఏమీ అనలేదు. మళ్లీ ఒకసారి మీరు పట్టుకోండి అన్నాను ఆయనతో. ఆయన కదల్లేదు. సరళ అన్న వైపు చూస్తోంది.

“పట్టుకో అన్నా. ఏమైంది?” అంది.

పట్టుకున్నాడు. మణికట్టు తల్లి చెవి పక్కకి వచ్చింది. ఆవిడ కళ్లు మూసుకుని, “గీడనే ఉండు జరసేపు,” అంది. కొడుకుతో కాదు.

నేను వంగి చెవి పెట్టాను. చాలా సన్నగా టిక్ టిక్‌మంటోంది. రోజూ రాత్రి తండ్రి దానికి కీ ఇచ్చి దిండు పక్కనే పెట్టుకునేవాడని తర్వాత సరళ చెప్పింది. పెళ్లైన నాటి నుంచీ ఆ చప్పుడు పక్కనే పడుకుని నిద్రపోయిన మనిషికి వేరే గుర్తు అక్కర్లేదు.

ఎడమచేతి గుండీ తియ్యమన్నాను. తీశాడు.

“చిన్నప్పటి సంది ఒక్కపారి చేతికియ్యలే మేడం. కాలేజీల ఫస్టొచ్చిందని దానికిస్తనన్నడు. పొద్దంత దుకాణంల నేనుంటి, నాయిన పక్కన నేనుంటి,” అని ఆ పెద్దమనిషి వెక్కివెక్కి ఏడ్చాడు.

నాకు జాలి వేసింది, దాంతోపాటే కోపమూ వచ్చింది. సరళ గడియారం వైపు కూడా చూడలేదు. “దానికోసం గీ పిల్లను దొంగను జేస్తివా అన్నా?” అని మాత్రం అంది.

ఇరుగుపొరుగు ఇద్దరిని పంచులుగా, అంటే సాక్షులుగా కూర్చోబెట్టి, గడియారం స్వాధీనం చేసుకుని బట్టలో కట్టి లక్క ముద్ర వేశాం. ఆ మూటలోంచి మరునాటి దాకా టిక్ టిక్ వినబడుతూనే ఉంది. స్టేషన్లో అందరం విన్నాం.

తర్వాత పైనుంచి ఒక మాట వచ్చింది. కేసుని ‘మిస్టేక్ ఆఫ్ ఫ్యాక్ట్’ కింద మూసెయ్యమన్నారు. పొరపాటు పడి పెట్టిన కేసు అని దాని అర్థం. పరువుగల కుటుంబం, ఇంట్లో వస్తువు ఇంట్లోనే దొరికింది కదా అన్నారు. మెర్సీ స్టేషన్‌కి వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

“సారీ నాకొద్దు మేడం. నేను తియ్యలేదని కాయిదం గావాలె,” అంది.

నేను ‘ఫాల్స్’ అని, అంటే తెలిసి పెట్టిన అబద్ధపు కేసని రాసి నాంపల్లి కోర్టులో వేశాను. పైవాళ్లు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె! ఆ రిపోర్టు నకలు పట్టుకెళ్లి ఏజెన్సీలో చూపించాక మెర్సీకి గన్‌ఫౌండ్రీలో ఒక ఇల్లు దొరికింది. రఘువీర్ మళ్లీ పిలిచాడు గానీ ఆమె వెళ్లలేదు.

గడియారాన్ని కోర్టు తల్లికే అప్పగించింది. దానికి కీ ఇవ్వడానికి రోజూ సరళ బషీర్‌బాగ్ నుంచి వస్తోందని విన్నాను. కీ ఇచ్చి తల్లి దిండు కింద పెట్టి పోతుందట. రఘువీర్ ఇప్పుడు పొట్టి చేతుల చొక్కా వేసుకుని, దిండు తీసి తల్లి తలెత్తి పాలు పడుతున్నాడు. అప్పుడు ఆవిడ ఏమీ అనడం లేదట.

రిటైరయ్యే దాకా ఆ తర్వాత నేనొక పద్ధతి పాటించాను. వస్తువు పోయిందని వచ్చినవాళ్లని ఎవరి మీద అనుమానమని ముందు అడగలేదు. ఆ వస్తువు గురించి చెప్పమనేదాన్ని. పోగొట్టుకున్న మనిషి ‘గట్ల ఉండె’ అంటాడు. ‘గట్ల ఉంటది’ అన్నవాడి చేతులు చూసేదాన్ని.