నన్నెవరూ అడగలేదు

ఆడవాళ్లకు బస్సు ఉచితం అని ప్రకటించిన రోజున మా ఆఫీసులో లడ్డూలు పంచారు. నేనూ ఒకటి తిన్నాను. తిన్నాక గుర్తొచ్చింది, ఆ ఉచితం నాకు వర్తించదని. ఈ రాష్ట్రం అడ్రసు ఉన్న ఆధార్ కార్డు చూపిస్తేనే జీరో టికెట్ ఇస్తారు. నా కార్డు మీద ఉన్నది గుంటూరు జిల్లాలోని మా అత్తగారి ఊరు.

మా నాన్న ఇక్కడి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి రిటైరయ్యేదాకా ఇక్కడే చేశారు. నేను ఆ క్వార్టర్స్‌లోనే పుట్టాను. సంగారెడ్డిలో కాపురం పెట్టి పన్నెండేళ్లు దాటింది. అయినా మా ఇళ్లలో రేషన్ కార్డు, ఓటు, ఆధార్ అన్నీ ‘మన ఊళ్లో’నే ఉంటాయి. ఇక్కడికి మార్చుకుంటే ఏదో తెగిపోతుందని మా పెద్దవాళ్ల భయం. భయం కాదు, పొగరు అని ఇప్పుడనిపిస్తోంది. ఇక్కడి జీతం తింటూ ఇంట్లో కూర్చుని ఇక్కడివాళ్ల మాటను వెక్కిరించేవాళ్లం. నేనైతే మహా బాగా వెక్కిరించేదాన్ని, చుట్టాలొస్తే అడిగి మరీ చేయించుకునేవాళ్లు.

నా ఉద్యోగం బొల్లారంలో ఒక మందుల కంపెనీలో. తయారైన ప్రతి బ్యాచ్‌కీ ఒక రికార్డు ఉంటుంది. అందులో సంతకాలన్నీ సరిగా ఉన్నాయా, చూడకుండా ఎవరైనా పెట్టేశారా అని వెతకడం నా పని. షిఫ్టుల వాళ్లకు కంపెనీ బస్సుంది, మాలాంటి ఆఫీసువాళ్లకు లేదు. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా ప్రభుత్వ బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. ముగ్గురు పట్టే సీట్లో అయిదుగురం ఇరుక్కుని, దిగేసరికి చీర కుచ్చిళ్లు ఎవరి కాళ్ల కింద ఉన్నాయో వెతుక్కోవడం. “నీ జీతంలో రోడ్డు ఎంత తింటోందో ఎప్పుడైనా లెక్కేశావా?” అనేవారు మా ఆయన. వేయలేదు. వేస్తే ఉద్యోగం మానేయమంటారని భయం.

పొద్దున్న ఎనిమిది గంటల బస్సులో కండక్టర్ ఒకామె ఉండేది. సంగారెడ్డి పక్కనున్న కంది దగ్గర ఒక పల్లెలో వ్యవసాయం చేసే ఇంటి కోడలు. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. ఉచితం మొదలైన వారానికి, నేను ఎప్పటిలా డబ్బులు చేతిలో పట్టుకుంటే ఆశ్చర్యపోయింది.

“పైసలెందుకక్కా? యాడుంటవ్ నువ్వు?”

“సంగారెడ్డే” అన్నాను. అబద్ధం కాదుగా.

“మరి కార్డు?”

నేను బ్యాగులో చెయ్యి పెట్టాను. కార్డు లోపల జేబులోనే ఉంది, నా వేళ్లకు తగులుతోంది కూడా. అయినా అటూ ఇటూ వెతికాను. సిగ్గు లేకపోతే సరి! ఆమె వెనక జనం తోసుకుంటున్నారు. “తియ్, రేపు సూపియ్యి” అని మిషన్ లోంచి జీరో టికెట్ చింపి ఇచ్చింది. మర్నాడు అడగలేదు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ అడగలేదు.

అలా పది నెలలు గడిచాయి. నేను దొంగతనంగా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నానని అనుకునేరు, అదేం లేదు. రెండో నెలకల్లా అది నా హక్కయిపోయింది. ఆమె తన అన్నం సంచి ముందు సీట్లో పెట్టి నాకు చోటు ఆపేది. వాళ్ల చేలో కందికాయలు కవర్లో పట్టుకొచ్చేది. నేను గోంగూర పచ్చడి ఇచ్చేదాన్ని. “మీ ఆంధ్రోళ్ల కారం నాతోని కాదక్కా, మా ఆయన మాత్రం సీసా నాకేసిండు” అని పడిపడి నవ్వేది. ఒకసారి మిషన్‌లో టికెట్ తప్పుగా కొట్టిందని ఆమెకు మెమో ఇచ్చారట. “ఇంకొక్కటి వస్తె ఇంటికి పంపిస్తరు. పిల్లగాండ్ల ఫీజులు ఎట్ల కట్టాల్నో” అని నాతో చెప్పుకుంది. అయ్యో అన్నాను. నా జీరో టికెట్ మడిచి పర్సులో పెట్టుకుంటూ అన్నాను ఆ మాట.

ఆ రోజు రుద్రారంలో కాలేజీ పిల్లలతో పాటు చెకింగ్ వాళ్లు ఇద్దరు ఎక్కారు. ఒకాయన ముందు సీటుతోనే మొదలుపెట్టాడు. నా టికెట్ చూసి, “కార్డు మేడం” అన్నాడు.

నేను బ్యాగులో చెయ్యి పెట్టి మళ్లీ అటూ ఇటూ వెతికాను. నా తడబాటు చూసి ఆయన కండక్టర్ వైపు తిరిగాడు. “కార్డు సూశినవా అమ్మా, టికెట్ ఇచ్చేటప్పుడు?”

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “సూశిన సార్. రోజు సూస్త. మా అక్కనే ఆమె.” తర్వాత నా వైపు తిరిగి, ఏమీ భయం లేని మొహంతో, “తియ్యక్కా, జెర సూపియ్యి సార్‌కు” అంది.

నా బ్యాగులో సరైన కార్డు ఉంటుందని ఆమెకు ఎంత నమ్మకమంటే, దాని మీద తన ఉద్యోగాన్నే పెట్టేసింది.

నేను కార్డు తీసి ఇచ్చాను. ఆయన చదివాడు, తిప్పి మళ్లీ చదివాడు. “ఇది గుంటూరు కదమ్మా” అన్నాడు, నాతో కాదు, ఆమెతో. “రోజు సూస్తున్నంటివి?”

ఆమె నన్ను చూసింది. అప్పుడు నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. ఆమెను నేనే మోసం చేశానండీ అని. నాలుగు మాటల పని. దానికి బదులు నా నోట్లోంచి వచ్చిందేమిటో రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు.

“నన్నెవరూ కార్డు అడగలేదండీ. అడిగుంటే టికెట్ తీసుకునేదాన్ని.”

ఎంత మర్యాదగా అన్నానో! మా ఇంటి భాష, ‘అండీ’లతో సహా.

ఆయన జరిమానా రాసి, ఇంకో కాగితం కూడా తీశాడు. కండక్టర్ కార్డు అడగకుండానే ఉచిత టికెట్ ఇచ్చినట్టు నా వాంగ్మూలం. నేను చదివాను. బస్సు నంబరులో ఒక అంకె తప్పు రాశాడు, సరైన నంబరు డ్రైవర్ తల మీద ఎదురుగానే కనిపిస్తోంది. మా కంపెనీలో తప్పు దిద్దడానికి ఒక పద్ధతుంది. కొట్టేసినది కూడా కనబడేలా ఒకే గీత గీసి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేయాలి. చేతికి అలవాటైన పని, అలాగే చేశాను. కింద పూర్తి సంతకం పెట్టాను. “మంచిగ దిద్దిండ్రు మేడం” అని ఆయన మెచ్చుకున్నాడు. ఆ కాగితంలో ఇక ఎవరూ వంక పెట్టలేరు. మూడడుగుల దూరంలో ఆమె కడ్డీ పట్టుకుని నిలబడి, నేను రాయడం చూస్తోంది.

పటాన్‌చెరులో వెనక తలుపు నుంచి దిగాను. ఆఫీసుకు సరిగ్గా టైముకే వెళ్లాను.

మర్నాడు ఆమె లేదు. డ్రైవర్‌ను అడిగితే, “పక్కకు పెట్టిండ్రమ్మా. రెండో మెమో గద. ఎంక్వైరీ అయితుంది” అన్నాడు. నా వల్లేనని అతనికీ తెలుసు. ఆ రోజు నుంచి నేను ఆ బస్సు ఎక్కలేదు. ముఖం చెల్లక సంగారెడ్డి నుంచే షేర్ ఆటోలు మారుతూ వెళ్లాను. డబ్బూ పోయింది, అరగంట అదనంగా టైమూ పోయింది. అది శిక్ష అనుకుని తృప్తి పడేంత తెలివి కూడా చూపించాను.

డిపోకి ఇవ్వడానికి ఒక ఉత్తరం రాశాను. తప్పు నాది, కార్డు ఉన్నట్టు ఆమెను నమ్మించాను అని. రోజూ డిపో ముందు నుంచే ఆటో వెళ్లేది. ఇస్తే ఏం? మోసం చేసిందని నా మీద కేసు పెడితే, అది కంపెనీకి తెలిస్తే? సంతకాల్లో తప్పులు పట్టే మనిషి అలా చేసిందంటే ఉంచుతారా? ఇదే సాకు రోజూ. ఉత్తరం మడతల దగ్గర చిరిగిపోయింది. ఒకరోజు ఇల్లు సర్దుతూ చెత్తలో పారేశాను. మా ఆయనకు ఈ ఉత్తరం సంగతి ఇంతవరకూ తెలియదు.

ఆ తర్వాత కరెంటు బిల్లు పట్టుకెళ్లి ఆధార్‌లో సంగారెడ్డి అడ్రసు పెట్టించుకున్నాను. పది నిమిషాల పని. పన్నెండేళ్లలో నాకు దొరకని పది నిమిషాలు.

మూడు నెలలకు ఆమె మళ్లీ డ్యూటీలో చేరిందని విన్నాను. ఆ పొద్దున్న కొత్త కార్డు చేతిలో పట్టుకుని ఎనిమిది గంటల బస్సు ఎక్కాను. చెప్పాల్సినదంతా రాత్రే వల్లె వేసుకున్నాను. ఆమె చిక్కిపోయింది. వరసగా కార్డులు చూస్తూ, ముసలమ్మలవి కూడా విడిచిపెట్టకుండా చూస్తూ, నా దగ్గరికి వచ్చింది. నా కార్డు తీసుకుని రెండు వైపులా చదివి, టికెట్ చింపి ఇచ్చింది.

“ఆ రోజు నేను...” అని మొదలుపెట్టాను.

ఆమె మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“మీరు ఉన్నదే చెప్పిండ్రు కద మేడం. నేనే సూశిన అని అబద్ధం చెప్పిన” అంది. అని వెనక సీటు వాళ్ల దగ్గర చెయ్యి చాపింది, కార్డు కోసం.