ఆటల పెట్టెలో చావు పుస్తకం

కెన్యాలోని కిసుములో మార్చురీ రోడ్డు మీది నెట్ సెంటర్‌లో పెరెజ్ అదోయో ఇరవై రెండేళ్లుగా, సమాధి దగ్గర పంచే చావు పుస్తకాలు టైపు చేస్తోంది. పోయినవాడి ఫొటో, బతుకు కథ, ఏ భార్య ఇంట్లో ఎవరెవరు పిల్లలు, అన్నీ అందులో ఉండాలి. పెద్ద భార్య ఇంటి తర్వాతే రెండో ఇల్లు. ఒక్క పేరు తప్పినా సమాధి దగ్గరే కొట్టుకుంటారు. పెరెజ్ చేతి మీదుగా ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు.

సోమవారం షాపు యజమాని ఒదుందో ఆమె కంప్యూటర్‌లో పాత సిస్టమ్ తీసేసి లినక్స్ పెట్టాడు. మామూలు లినక్స్ కూడా కాదు, ఆటల కోసం తయారు చేసింది. సాయంత్రాలు కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడ్డానికి వస్తారని వాడి ఆశ. ఆన్ చేస్తే ముందు ఆటల బొమ్మలే.

"నేను టైపిస్టునా, గోల్‌కీపర్‌నా?"

"వైరస్ బాధ ఉండదు పిన్నీ. టైపు కూడా చేసుకోవచ్చు."

"కూడానా? పెళ్లికొచ్చినవాళ్లకి అన్నం కూడా పెడతాం అన్నట్టుంది."

శుక్రవారం న్యాంగ్వెసో అనే ముసలాయన శవం మధ్యాహ్నం పన్నెండింటికి సొంతూరికి బయల్దేరాలి. పుస్తకాలు ఆ బండిలోనే వెళ్లాలి. ఆయన కూతురు జాయెల్ పొద్దున్నే కాగితాలిచ్చి, సగం పైన అయ్యేదాకా కూర్చుని, ఫొటో తేవడానికి పెరెజ్ పెన్‌డ్రైవ్ పట్టుకుని స్టూడియోకి వెళ్లింది. అందుకని పెరెజ్ మొత్తం పదహారు పేజీలూ పూర్తిచేసి కంప్యూటర్‌లోనే దాచింది. అంతలో కరెంటు పోయింది.

తిరిగి వచ్చేసరికి తెర మీద బంతి తన్నుతున్న మనిషి. ఆ వీధి నెట్ సెంటర్లలో కంప్యూటర్ ఆపితే లోపల దాచిందంతా తుడిచిపెట్టుకుపోతుంది. వచ్చిపోయేవాళ్ల చెత్త మిగలకుండా యజమానులే అలా అమర్చి పెడతారు. కంప్యూటర్ గుణమే అదని ఆమె నమ్మకం. వెతకలేదు, ఎవర్నీ అడగలేదు. పక్కనున్న పాత కంప్యూటర్ ముందు కూర్చుని మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టింది.

జాయెల్ వచ్చేసరికి పది దాటింది.

"అయిపోయిందా అక్కా?"

"ఆరో పేజీ."

"నేను వెళ్లేటప్పటికే సగం పైన అయిందన్నావు!"

"ఆ బంతి తన్నేవాడు మింగేశాడు. వాణ్నడుగు."

జాయెల్ బల్ల మీద కూలబడింది. "మా చిన్నమ్మ పిల్లలు, ఆ రెండో ఇంటివాళ్లు, అసలే కాచుక్కూర్చున్నారు. పుస్తకం రాకపోతే వాళ్ల పేర్లు రాకుండా మేమే ఆపించామంటారు."

టీ గ్లాసుతో వచ్చిన ఒదుందో ఇదంతా విని, ఆమె కంప్యూటర్‌ని ఆటల తెరలోంచి డెస్క్‌టాప్‌కి మార్చాడు. పదహారు పేజీలూ అక్కడే ఉన్నాయి.

"ఇది తుడిచేసే రకం కాదు పిన్నీ. లోపలి సిస్టమ్‌ని ఎవరూ కెలకలేరు. నీ రాతల జోలికి అది రాదు."

"ఆ ముక్క సోమవారం చెప్పడానికి నీ నోట్లో మందాజీ బూరె అడ్డమొచ్చిందా?"

ప్రింటర్‌ని లినక్స్ తనంతట తానే గుర్తుపట్టింది. ఫొటో పెట్టగానే వరసలు జారి, రెండో ఇంటి చివరి పిల్లాడు పక్క పేజీలో ఒంటరిగా పడ్డాడు. పెరెజ్ వాణ్ని లాక్కొచ్చి అన్నల పక్కన కూర్చోబెట్టింది. జాయెల్ ఒక్కో పేరూ పైకి చదివి వేలు మడిచింది. పావు తక్కువ పన్నెండుకి పుస్తకాలు వేడివేడిగా బండెక్కాయి.

షాపు ఖాళీ అయ్యాక పెరెజ్ తన పేరు ఒక్కటే టైపు చేసి దాచింది. కంప్యూటర్ ఆపింది. మళ్లీ ఆన్ చేసి, బంతి మనిషిని దాటుకుని డెస్క్‌టాప్‌కి తనే వెళ్లింది. పేరుంది. మళ్లీ ఆపింది. ఆన్ చేస్తే రెండోసారి కూడా ఉంది. అప్పుడుగాని ఆమె టీ తాగలేదు.