వద్దని రాసిన కవర్లు

ఈ రోజు పొద్దున గేటు సందులోంచి పొడుగాటి కవరొకటి లోపల పడింది. మూలన చిన్న అక్షరాల్లో ప్లాట్లు అమ్మేవాళ్ళ ముద్ర. ఇలాంటివి వస్తే నేను విప్పను. బల్ల మీది ఎర్ర పెన్ను తీసి అడ్డంగా ‘వద్దు’ అని రాసి, సంతకం పెట్టి, మర్నాడు పోస్టుమన్ చేతికి తిరిగి ఇచ్చేస్తాను. బడిపిల్లల పేపర్లు దిద్దీ దిద్దీ రిటైరైన చెయ్యి కదా, ఎర్ర సిరా దొరికితే ఊరుకోదు. కానీ ఇవాళ మూత తీసిన పెన్ను అలాగే ఆగిపోయింది. కవరు మీద నా పేరు, ఇంటి నంబరు చేత్తో రాసి ఉన్నాయి. ఆ రాత నాకు బాగా తెలిసిందే.

దాని సంగతి చెప్పాలంటే ముందు మా బావ సంగతి చెప్పాలి. మా అక్క భర్త, గోదావరిఖనిలో బొగ్గు బాయిలో పని. రొమ్ములో దుమ్ము చేరి, నాలుగు మెట్లెక్కితే కూలబడి ఊపిరి వెతుక్కునేవాడు. మెడికల్ బోర్డు ఆయన్ని అన్‌ఫిట్ అంటే ఆ ఉద్యోగం డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో ఉన్న బిడ్డకు వస్తుంది. అయితే రిటైర్మెంటుకు ఇంకా కొంత సర్వీసు మిగిలి ఉండగానే అనాలి, గడువు దాటితే లేదు. లోకంలో అందరూ బాగున్నామని చెప్పించుకోవడానికి డాక్టరు దగ్గరికి పోతారు. మా వాళ్ళు బాగా లేడని చెప్పించుకోవడానికి ఎదురుచూశారు. దాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గుగానే ఉంటుంది, అయినా అందరం దేవుడికి మొక్కుకున్నాం.

బోర్డుకు దరఖాస్తు పెట్టినవాళ్ళ పేర్లు, క్వార్టరు నంబర్లతో సహా, బాయి దగ్గర నోటీసు బోర్డు మీద అంటించేవారు. దాన్ని ఎవరో ఫోన్లో ఫొటో తీసుకుపోయారు. వారం తిరక్కుండానే బావ క్వార్టరుకు కవర్లు మొదలయ్యాయి. ప్లాట్లు, బీమా, మోకాళ్ళ నూనె, ఉబ్బసానికి చెట్టు మందు. కొందరు గడుసువాళ్ళు అచ్చం ఆఫీసు కవరులా గోధుమ రంగు కాగితం వాడి, పైన ‘అత్యవసరం’ అని ముద్ర కొట్టేవారు. అది వచ్చినప్పుడల్లా అక్క పొయ్యి కట్టేసి వచ్చేది, బిడ్డ తలుపు దగ్గర నిలబడేది, బావ కవరు విప్పేవాడు. లోపల రంగురంగుల లేఅవుటు! బజ్జీల కింద వేద్దామన్నా ఆ నున్నటి కాగితం నూనె కూడా పీల్చేది కాదని అక్క తిట్టేది.

దారి చూపించింది ఆ వీధికి వచ్చే పోస్టుమన్ భాయ్. విప్పని కవరు మీద వద్దని రాసి సంతకం పెడితే తాను వాపసు తీసుకుపోతానన్నాడు. “తీసుకునుడు, తీసుకోకపోవుడు మీ మర్జీ సాబ్,” అన్నాడు. ఇన్నేళ్ళ డ్యూటీలో బావను నీ ఇష్టమేమిటని అడిగినవాళ్ళు లేరు. ఆ మాట ఆయనకు తెగ నచ్చింది. నేనేమో పౌరుడి హక్కంటూ ఒక ఉపన్యాసం దంచి, నా జేబులోని ఎర్ర పెన్ను బహుమతిగా ఇచ్చి వచ్చాను. అప్పటి నుంచి రోజూ గేటు దగ్గర కుర్చీ వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, పెద్ద ఆఫీసరులా ‘వద్దు, వద్దు’ అని రాసేవాడు. ఆ వరస క్వార్టర్లన్నీ ఆయన్ని చూసి మొదలుపెట్టాయి. అందరూ సంతకాలు చేసి అర్జీ పెడితే, నోటీసు బోర్డు మీద క్వార్టరు నంబర్లు వేయడం కూడా మానేశారు. బావ ఆ నెల రోజులు దగ్గు కూడా మరిచిపోయి తిరిగాడు.

ఒక్కటే భయం నాకు, బోర్డు కాగితం కూడా వీటిలో కొట్టుకుపోతుందేమోనని. అడిగితే నవ్వేశాడు. “కంపెనీ కాయిదమైతే బాయి మీదనే ఇస్తరు బామ్మర్ది. ఇంటికి పోస్టుల ఎన్నడన్న పంపిండ్రా?” నిజమే, ఛార్జిషీటైనా, బదిలీ అయినా డ్యూటీకి పోయినప్పుడు చేతిలో పెట్టడమే అక్కడి ఆనవాయితీ. నేనూ ఊరుకున్నాను.

ఆ తర్వాత ఆయాసం ఎక్కువై బావ దవాఖానలో పడ్డాడు, ఇంటికొచ్చాక కూడా సిక్ లీవులోనే ఉన్నాడు. మనిషి డ్యూటీకి రావడం లేదు కనుక ఆఫీసువాళ్ళు బోర్డు పిలుపును ఇంటికే పోస్టులో పంపారు. గోధుమ రంగు కవరు, పైన ‘అత్యవసరం’. బావ మంచం మీద నుంచే ఎర్ర పెన్ను అందుకున్నాడు. ఆ కవరు ఆఫీసుకు తిరిగి చేరి, అక్కడి గుమాస్తా ఫోను చేసేసరికి బోర్డు అయిపోయింది. మళ్ళీ బోర్డు కూర్చునే నాటికి గడువు దాటింది. ఎంత తిరిగినా, ఆ సంతకం మీదేనా అని అడిగితే కాదనలేకపోయాం.

“నా బిడ్డ నౌకరిని నా చేత్తోని నేనే వద్దని రాసిన,” అన్నాడు బావ. ఆ పెన్ను ఇచ్చింది నేనని ఒక్కసారీ అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు ఆ బిడ్డే, మా మేనకోడలు, మంచిర్యాలలో ప్లాట్లవాళ్ళ ఆఫీసులో పని చేస్తోంది. మొన్న వచ్చినప్పుడు తలెత్తకుండా చెప్పింది. “అచ్చేసిన కవర్లన్ని వాపస్ అస్తున్నయట మామ. చేత్తోని రాస్తే చుట్టాలదనుకొని విప్పుతరట. నా రాత మంచిగున్నదని పెట్టుకున్నరు. ఇవి గూడ వాపసైతే నన్ను తీసేస్తరు.” చిన్నప్పుడు నాలుగు గీతల పుస్తకంలో ఆ రాత దిద్దించింది నేనే.

పెన్నుకు మూత పెట్టి కవరు విప్పాను. ప్లాట్ల కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాను. బావ ఇప్పుడు వచ్చిన ప్రతి కవరునూ ఇలాగే చదువుతాడట. ‘వద్దు’ అని రాయడానికి ఆ రోజు ఆయనకు ఒక్క క్షణమే పట్టి ఉంటుంది. ఏళ్ళు గడిచినా మేమెవరమూ ఆ క్షణం దాటి ఇవతలికి రాలేకపోయాం.