పన్నెండుకి ఆరు

మార్లిస్ ట్వెట్ మిన్నెసోటాలోని ఓ చిన్న ఊరి హైస్కూల్లో కౌన్సిలర్. ఏ పిల్ల ఏ కాలేజీకి దరఖాస్తు పెట్టాలో చెప్పడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. 2011 అక్టోబరులో లిన్నియా హాస్టాడ్ అనే అమ్మాయి ప్రవేశ పరీక్ష మార్కుల కాగితంతో ఆమె గదిలోకి వచ్చింది.

"లెక్కల్లో బ్రహ్మాండం. మిగతావీ బ్రహ్మాండమే. వ్యాసానికి పన్నెండుకి ఆరేమిటే తల్లీ?"

"ఇరవై అయిదు నిమిషాలిచ్చారు మిసెస్ ట్వెట్. ఆలోచించడానికే పదిహేను పోయాయి. పేజీ కూడా నిండలేదు. మళ్లీ రాయనా? అసలు కాలేజీవాళ్లు దాన్ని చూస్తారా, చూడరా?"

మార్లిస్ ఒక వేసవిలో అలాంటి వ్యాసాలు దిద్దింది. ఒక్కోదానికి మూడు నిమిషాలు దాటకూడదన్నారు. పొడుగ్గా ఉన్నదానికి చెయ్యి తనంతట తనే ఎక్కువ మార్కులు వేసేది. అది గుర్తొచ్చి, లిన్నియా కోరుకున్న మూడు కాలేజీలకూ ఫోన్ చేసింది.

మొదటి కాలేజీ, "చాలా శ్రద్ధగా చూస్తాం" అంది. రెండోది, "అస్సలు చూడమండీ" అంది. మూడోది, "చూస్తాం గానీ లెక్కలోకి తీసుకోం" అంది.

"లెక్కలోకి తీసుకోనిదాన్ని చూడడం దేనికండీ?"

"అన్నీ కలిపి చూస్తామండీ."

ఆ మాటకి అర్థమేమిటో ఆమెకి బోధపడలేదు. చివరికి, "మళ్లీ రాయకు. దరఖాస్తుతో విడిగా పంపే వ్యాసం రాయడానికి కూర్చో" అని లిన్నియాకి చెప్పింది. ఆ పిల్ల రెండు నెలలు కూర్చుని, తాను పెంచే తేనెటీగల గురించి రాసి పంపింది.

ఏప్రిల్లో జవాబులొచ్చాయి. మొదటి కాలేజీ కాదంది. మూడోది ఖాళీ వస్తే చెప్తాం, ఆగమంది. అస్సలు చూడమన్న రెండోది సీటిచ్చింది. ఆ ఉత్తరం అడుగున ఎవరో చేత్తో రెండు వాక్యాలు రాశారు: 'రోడ్ల మీద మంచు ఊడ్చే లారీ నడిపే మీ అమ్మ గురించి రాశావే, అది నాకెంతో నచ్చింది. ఆవిడకి నా నమస్కారాలు చెప్పు.'

"అమ్మ గురించి ఎక్కడ రాశావే? నువ్వు పంపింది తేనెటీగలు కదా?" అంది మార్లిస్.

లిన్నియా మొహం ఎర్రబడింది. "పరీక్షలో రాశాను."

కూతురితోపాటు మార్లిస్ గదికి వచ్చిన వాళ్లమ్మ డార్డిస్ ఉత్తరం లాక్కుని చదివింది. "నన్ను పరీక్షలో పెట్టావా? పెట్టి ఆరు తెచ్చుకున్నావా? నీ మొహం మండ!" అని తిట్టి, మళ్లీ మొదటినుంచి చదువుకుంది.

మార్లిస్ ఆ కాలేజీకి ఫోన్ చేసింది.

"మార్కులతోపాటు పరీక్ష వ్యాసం కాపీ కూడా మాకొస్తుంది గానీ, మేం చదవమండీ" అన్నాడు అవతలి మనిషి.

"మరి చదివారుగా!"

"ఎవరో తెరిచి చూసుంటారు."

"ఎందుకు చూశారు?"

"అది నాకు తెలీదండీ. అమ్మాయికి సీటొచ్చింది కదా?"

వచ్చింది. లిన్నియా వెళ్లి చేరింది కూడా. మార్లిస్‌కి మాత్రం మనసు కుదురుకోలేదు. ఆ పిల్ల మళ్లీ రాసి, నిండా రెండు పేజీల ఊకదంపుడుతో పది తెచ్చుకుని ఉంటే? మొదటి కాలేజీ తీసుకునేదేమో. లేక ఏ ఒక్కరూ తీసుకునేవారు కాదేమో. తన సలహా పనిచేసిందా, తప్పిన సలహాని ఎవరి చెయ్యో కాపాడిందా? ఎటు తిప్పి చూసినా తేలలేదు.

సెప్టెంబరులో మళ్లీ మూడుచోట్లా అడిగింది. శ్రద్ధగా చూస్తామన్నవాళ్లు ఈసారి, "పెద్దగా పట్టించుకోం" అన్నారు. ఆమె ఆ మూడు జవాబులనూ తేదీ వేసి కాగితం మీద రాసి, తలుపుకి అంటించింది. పిల్లలు దాని ముందు గుమిగూడి వాదులాడుకున్నారు.

"వీటిలో ఏది నిజం మిసెస్ ట్వెట్?" అని ఒకమ్మాయి అడిగింది.

"ఫోన్ చేసిన రోజుకి మూడూ నిజమే అనుకుంటానమ్మా" అంది మార్లిస్.