దవాఖాన వసారాలో గడియారం

మా ఊరి సర్కారీ దవాఖాన వసారాలో ఒక గోడ గడియారం ఉండేది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేను అనుకోనూ లేదు.

బస్తరు ఇంకా రాజుగారి రియాసత్‌గా, అంటే సంస్థానంగా, ఉన్న కాలం. డాక్టరుకు వైద్యం చేసే పట్టా ఇచ్చేది రియాసత్, తప్పు చేస్తే విచారించి దాన్ని లాక్కునేదీ రియాసతే. కాగితం మీద అంతా సక్రమంగానే ఉండేది. మా దుకాణానికి గొల్లపల్లి వైపు నుంచి దోర్ల అనే అడవి జాతి ఆవిడ ఒకామె చింతపండు తెచ్చేది. నేను అత్తా అనేదాన్ని, ఆమె బిడ్డా అనేది. కాపురానికి వచ్చిన నాటి నుంచి తక్కెడ పట్టుకుని కూర్చున్నదాన్ని కాబట్టి వాళ్ల దోర్లీ భాష నాకు బాగానే పట్టుబడింది.

ఆ ఏడు నేను భద్రాచలంలో పుట్టింటికి వెళ్లి ఉండగా ఆమె పెద్ద కూతురు ప్రసవించింది. నెత్తురు ఆగలేదు. మంచం మీద మోసుకొచ్చి దవాఖాన వసారాలో దించారు. డాక్టరు దవాఖాన వెనకే, తన ఇంట్లోనే ఉన్నాడు. మొదట పూజలో ఉన్నాడని కబురు వచ్చింది, తర్వాత భోజనం చేస్తున్నాడని, ఆ తర్వాత దవాఖాన వేళ అయిపోయిందని. ఆ పిల్ల వసారాలోనే కన్నుమూసింది. బిడ్డ బతికింది.

నేను తిరిగొచ్చాక అత్త దుకాణానికి వచ్చింది. గంప దించలేదు.

"చిన్నదానికి ఏడో నెల బిడ్డా. నొప్పులొస్తే మళ్లా ఈడ్నే తేవాలె. అప్పటికి ఈ డాక్టరు ఉండొద్దు" అంది.

అంతకన్నా ఆమె ఏమీ అడగలేదు. హిందీలో అర్జీ రాయమంటే మా ఆయన నీళ్లు నమిలాడు. "మనకెందుకే, రేపు మనకు జ్వరమొస్తే మందిచ్చేది ఆయనే గదా" అన్నాడు. అర్జీ రాసేదాకా పొయ్యి వెలిగించనన్నాను. రాశాడు.

కొన్నాళ్లకు జగదల్‌పూర్ నుంచి తోంగ్‌పాల్ మీదుగా మోటారులో పెద్ద డాక్టరు విచారణకు వచ్చాడు. ఆ వసారాలోనే కుర్చీ వేశారు. పక్కన మా డాక్టరు ఇస్త్రీ కోటు తొడుక్కుని, పెళ్లికొచ్చిన చుట్టంలా నిలబడ్డాడు. అత్త మాటలు హిందీలో చెప్పడానికి నన్ను పిలిచారు.

"ఎన్ని గంటలకు తెచ్చిందో అడుగు" అన్నాడు పెద్ద డాక్టరు.

అడిగాను. అత్త లేచి మెట్లు దిగి వాకిట్లోకి వెళ్లింది. తూర్పుకు తిరిగి, చెట్ల కొసల మీదికి చెయ్యి చాపింది. "పొద్దు ఈడ ఉండంగ తెచ్చినం" అంది. తర్వాత ఆ చేతిని మెల్లగా నడినెత్తికి ఎత్తి, పడమటికి కొంచెం వాల్చింది. "ఈడికి వచ్చినంక పోయింది" అంది. ఆ చెయ్యి ఆకాశం మీద ఎంత దూరం కదిలిందో, ఆ పిల్ల పడి ఉన్నది అంతసేపు.

"ఎనిమిది ప్రాంతంలో తెచ్చారు సాబ్, ఒంటిగంట దాటాక చనిపోయింది" అన్నాను.

"గడియారం చూసిందా?"

"అడివిలో గడియారం ఎక్కడిది సాబ్? పొద్దును చూసింది."

"చెయ్యెత్తి చూపిస్తే సాక్ష్యం కాదు. నిమిషాలతో సహా చెప్పాలి" అని పెద్ద డాక్టరు దవాఖాన రిజిస్టరు తెరిచాడు. మంచం వచ్చిన వేళ పదకొండూ నలభై అని అందులో ఉంది. దవాఖాన మూసేది పదకొండుకు.

"అది ఆయన చేత్తో ఆయన రాసుకున్నది కదా సాబ్" అన్నాను.

"నువ్వు ఆమె మాట హిందీలో చెప్పడానికి వచ్చావు, వాదించడానికి కాదు."

నిమిషాలు రాసినవాడు నిజాయితీపరుడయ్యాడు. సూర్యుణ్ణి చూపించిన తల్లి అబద్ధాలకోరయింది. నాకు ఏడుపు రాలేదు, ఆ రిజిస్టరు చించి పొయ్యిలో పెట్టాలనిపించింది. పెట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

నెల తిరక్కుండా దవాఖాన తలుపుకు కాగితం అంటించారు. మా ఆయన చదివి చెప్పాడు. డాక్టరు తప్పేమీ లేదు, పట్టా పదిలం. అయితే వేళ తెలియక ప్రజలు ఇబ్బంది పడుతున్నారు కనుక వసారాలో ఒక గడియారం పెట్టవలసింది. విచారణలో తేలింది ఇదీ, పడిన శిక్ష ఇదీ. గడియారం వచ్చిన రోజు డాక్టరు దానికి పూలదండ వేయించాడు. పుండు మీద కారం చల్లడమంటే నాకు ఆ రోజు అర్థమైంది.

తర్వాతి సంతకు అత్త చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లకు నెలలు నిండాయి, నడుము పట్టుకుని నడుస్తోంది. నన్ను దవాఖాన దాకా తీసుకెళ్లి గడియారం కింద నిలబెట్టింది.

"ఇదేంది బిడ్డా?"

చెప్పాను. పొట్టి ముల్లు ఎక్కడుంటే తలుపు తీస్తారో, ఎక్కడికి పోతే మూస్తారో వేలితో చూపించాను. తల్లీ కూతురూ తలలెత్తి శ్రద్ధగా చూశారు. ఆ దిక్కుమాలిన గడియారాన్ని వాళ్లకు నేనే నేర్పుతున్నానని సిగ్గేసింది.

అత్త ముల్లు వైపు చూసింది. తర్వాత చెయ్యి చాపి కూతురి కడుపు మీద పెట్టింది.

"మాకు జెప్పినవు, సరే" అంది. "నొప్పులకు ఎవరు జెప్తరు బిడ్డా?"

లోపల డాక్టరు తలుపు గడియ పెడుతున్న చప్పుడు వినిపించింది. పైన పదకొండు కొట్టింది.