ఒక కిలో తరుగు

2018 ఆగస్టు, మొదటి మంగళవారం. ఉదయం. కోడుమూరు దగ్గర వేరుశనగ గిడ్డంగి, కాటా దగ్గర. ఉన్నవారు: నేను, హమాలీల మేస్త్రి మౌలాలి, గేటు పక్కన ఉగ్గాని బజ్జీల బండి నడిపే ఓబులేసు.

ఆ రోజు నా డైరీ ఇలా మొదలవుతుంది. ఆ గిడ్డంగిలో నేను ముప్పై ఒక్క ఏళ్లు తూకం వేశాను. సంచితో కలిపి కాటా చూపించే బరువును మా పనిలో గ్రాస్ అంటారు. ఖాళీ సంచి బరువు టేర్, అంటే తరుగు. అది తీసేస్తే మిగిలే సరుకు బరువు నెట్. పుస్తకంలో గ్రాస్, నెట్ రెండూ రాస్తాం. పైకి మాత్రం నెట్ ఒక్కటే కేకేసి చెబుతాం. అన్నేళ్లలో నా నోట గ్రాస్ వచ్చిన రోజు లేదు.

"నారాయణన్నా, నన్ను రోంత తూయవా?" అన్నాడు ఓబులేసు.

"సంచిలో కుట్టి ఎక్కించాల్నా, అట్లే ఎక్కుతావా అప్పా?" అన్నాడు మౌలాలి. హమాలీలు నవ్వారు. ఓబులేసు నవ్వలేదు.

అతని చెల్లెలు సుంకమ్మకు రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు కర్నూలు వెళ్లి డయాలసిస్ చేయించుకుంటోంది. అంటే యంత్రంతో రక్తం శుభ్రం చేయించుకోవడం. అన్న తన మూత్రపిండం ఇస్తానన్నాడు. పరీక్షలన్నీ కలిశాయి. నెలకొకసారి వచ్చే పెద్ద డాక్టరు మాత్రం, "ఎనభై ఐదు కిలోలున్నావు, బీపీ కూడా అంచు మీద ఉంది. నాలుగు కిలోలు తగ్గి రా, ఆపరేషనుకు తేదీ ఇస్తాను" అన్నాడట.

ఓబులేసు కాటా ఎక్కాడు. ఎనభై ఐదు చూపించింది. చొక్కా, పంచె, చెప్పులు, జేబులో ఫోను అన్నీ కలిపి ఒక కిలో అని చెయ్యి దానంతటదే లెక్క వేసింది. "ఎనభై నాలుగు!" అని కేకేశాను.

"అప్పుడే కిలో తగ్గినానా!" అన్నాడు. నాలుగు రోజులుగా రాత్రి సంగటి మానేశాడట. ముఖం వెలిగిపోయింది.

ఆ కిలో తీసేసింది నేనని అప్పుడే చెప్పాలి. ఒక్క మాట. ఆ ముఖం చూసి చెప్పలేదు. బట్టలు లేకుండా మనిషి బరువు అంతే కదా, ఇందులో అబద్ధం ఏముంది అని నాకు నేనే చెప్పుకున్నాను.

అప్పటినుంచి ప్రతి మంగళవారం మొదటి లారీకి ముందు అతని తూకం. ఇంటి నుంచి బండిదాకా ఆటో మానేసి నడిచి వచ్చేవాడు. అసలు చిక్కు బజ్జీల దగ్గర వచ్చింది. ప్రతి వాయిలోనూ మొదటి బజ్జీ తిని ఉప్పు చూడటం అతనికి ఇరవై ఏళ్ల అలవాటు. పొద్దున్నే పదీ పన్నెండు వాయిలు.

"ఆ కష్టమేందో నేను పడతాలేప్పా" అని మౌలాలి ముందుకొచ్చాడు. రోజూ మొదటి బజ్జీ అతనిదే. రోజూ ఒకటే తీర్పు, "బ్రహ్మాండంగా ఉండాది."

సెప్టెంబరులో వరసగా రెండు మంగళవారాలు కాటా కదలలేదు. ఓబులేసు అక్కడే సంచుల మీద కూలబడ్డాడు. "నా చేత కాదన్నా. ఇంట్లో చెల్లెలు నన్ను చూస్తాంటే తల ఎత్తలేకుండా ఉండా."

మౌలాలి భుజం మీద తువ్వాలు దులుపుకున్నాడు. "మేము సంచి మోసుకోని పలక మీద లారీ ఎక్కేది దినామూ చూస్తాండావు. సగం ఎక్కినాక దించినామా యా పొద్దయినా? సగంలో దించితే నడుం పోతాది. లెయ్."

లేచాడు.

అక్టోబరు చివరి మంగళవారం "ఎనభై ఒకటి!" అని కేకేశాను. హమాలీలు సంచులు దించి ఈలలు వేశారు. మర్నాడు అన్నాచెల్లెళ్లిద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. సాయంత్రం ఓబులేసు ఒక్కడే గిడ్డంగికి వచ్చాడు.

"ఎనభై రెండన్నా. రెండు తూర్లు ఎక్కించినారు, తేదీ ఇయ్యలేదు. డాక్టరు మళ్లా వచ్చే నెలే వస్తాడంట. మీ కాటాలో ఏమన్నా తప్పుండాదేమో సూడు."

కాటాలో తప్పు లేదని నాకు తెలుసు. ఇంటికి వెళ్లి డైరీ తీశాను. ప్రతి మంగళవారం కిందా నా చేతిరాతతోనే గ్రాస్, నెట్ రెండూ ఉన్నాయి. చివరి పేజీలో ఎనభై రెండు, దాని పక్కన ఎనభై ఒకటి.

ఆ తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. మరుసటి నెల డాక్టరు ఒప్పుకున్నాడు, ఆపరేషను జరిగింది, సుంకమ్మ బతికే ఉంది. కానీ ఆ నెలలో ఒక రోజు ఒంట్లో నీరు చేరి, ఊపిరాడక ఆమెను అంబులెన్సులో తీసుకుపోయారు. ఆ రోజు ఆమెకు ఏమైనా జరిగి ఉంటే అందులో నా కిలో ఉండేది. ఈ మాట రాయకుండా ఈ అనుభవం రాయడం న్యాయం కాదు.

నా డైరీలో పెద్ద అక్షరాలతో ఉన్నది మాత్రం ఓబులేసు ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో వచ్చిన మర్నాటి ఉదయం. ఉన్నవారు: నేను, మౌలాలి, ఓబులేసు, సుంకమ్మ.

అన్న రాత్రంతా మెతుకు ముట్టలేదని ఆమె కూడా వెంట వచ్చింది. డైరీ తెరిచి ఓబులేసు చేతిలో పెట్టాను. రెండు అంకెలూ చూపించి, జరిగింది చెప్పాను.

అతను రెండు అంకెల మీదా వేలు పెట్టి చూసుకున్నాడు. "ఇంగో కిలో ఉండాదని తెల్సుంటే అదీ తగ్గించుకోనే పోయుంటా. నెల దినాలన్నా. దానికి నెల దినాలంటే ఏందో నీకు తెల్సా?"



సుంకమ్మ సంచుల మీద నుంచి మెల్లగా లేచింది. డయాలసిస్ సూది గుచ్చిన చోట చేతికి ఇంకా పట్టీ ఉంది. "నారాయణన్నా, నన్ను వారంలో మూడు తూర్లు తూస్తారు. ఒంట్లో నీళ్లెంత చేరినాయో దాన్ని బట్టే మిషన్ పెడతారు. పాపమని నర్సమ్మ అరకిలో తక్కువ రాసుంటే నేనీపాటికి యాడుండేదాన్ని?"

కోపం లేకుండా అడిగింది. అన్న వైపు తిరిగి, "చెప్పులిడిసి ఎక్కు. ఫోను నాకియ్యి" అంది. మళ్లీ నాతో, "కాటా ఏం చెప్తే అదే చెప్పన్నా" అంది.

"ఎనభై రెండు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మనిషికి తోడు నిలబడటమంటే అతని బరువులో కొంత తీసేసి చెప్పడం కాదని నేను నేర్చుకున్నది ఆ కాటా దగ్గరే, ఉద్యోగం చివరి ఏళ్లలో.

ఓబులేసు దిగాడు. చెప్పులు వేసుకుని, బండి దగ్గరికి వెళ్లి పొయ్యి వెలిగించాడు. మొదటి వాయిలోంచి ఒక బజ్జీ తీసి, కాగితంలో పెట్టి, మౌలాలికి అందించాడు.

మౌలాలి కొరికాడు. నమిలాడు. ఒకసారి నా వైపు చూశాడు.

"ఉప్పు తక్కువుండాదప్పా" అన్నాడు.

ఓబులేసు గిన్నె దగ్గరికి లాక్కుని, పిండిలో ఉప్పు వేసి కలిపాడు.