నైరుతి మూల కట్టెలు

రాజ్యంగారితో కలిసి న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్‌లో ఆస్పత్రి దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టి పదకొండేళ్ళయింది. నాకు తెలిసి ఆవిడ అబద్ధమాడింది ఒక్కసారే. అది కూడా పట్టుమని పది నిమిషాలు నిలవలేదు.

వాళ్ళ ఇల్లు కొండవాలు మీద. 2017 ఫిబ్రవరిలో కొండ అంటుకున్నప్పుడు మంట వాళ్ళ కంచెదాకా వచ్చి ఆగింది. ఇల్లు మిగిలింది కానీ ఆవిడకి ధైర్యం మిగల్లేదు. వాయవ్యం నుంచి వేడిగాలి లేచిందంటే చాలు, పాస్‌పోర్టులు, మందులు, రెండు చీరలు సర్దిన సంచీ పట్టుకుని కారు దగ్గర నిలబడేది. మూడేళ్ళుగా ఆవిడ కోరిక ఒక్కటే. ఈ ఇల్లు అమ్మేసి కొండ దిగిపోవాలి.

భర్త మధుసూదనరావుగారికి భయం లేదు, వాస్తు ఉంది. ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళకి దిక్కులు చెప్పేది ఆయనే. నైరుతిలో బరువుండాలని ఆ మూల పైన్ చెట్లు పెంచారు. అది చాలదన్నట్టు గోడకి ఆనించి రెండు ట్రక్కుల ఎండుకట్టెలు పేర్చారు. ఇక అగ్గిపెట్టె ఒక్కటే తక్కువ. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

చివరికి శరణ్య అనే హైదరాబాదు అమ్మాయి భర్తతో వచ్చి, ఇల్లూ వాస్తూ చూసి ముచ్చటపడింది. ఆ పిల్లకి ఏడో నెల. అయితే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి వచ్చి, ఇంటికి కార్చిచ్చు ముప్పు లేదని రాసిస్తేనే బ్యాంకు లోను.

రావుగారు వారం రోజులు గడ్డి తడిపారు, ఎండుటాకులు ఊడ్చారు, కింది కొమ్మలు నరికించారు. కట్టెలు మాత్రం పారెయ్యలేదు. ఇంటి వెనకున్న చెక్క అరుగు, అదే డెక్, కిందకి తోసి, ముందు చెక్కపలకలు బిగించారు.

"తనిఖీ అయ్యాక మళ్ళీ నైరుతిలో పేర్చేద్దాం. లేకపోతే ఆ పిల్లకి వాస్తుదోషం," అన్నారట. మోసం చేస్తూ కూడా శాస్త్రం వదల్లేదు మహానుభావుడు.

తనిఖీకి వచ్చినాయన చుట్టూ తిరిగి, డెక్ కింద ఏముందని అడిగాడు. "తోటపని సామాను," అన్నారు రావుగారు. పక్కనే ఉన్న రాజ్యంగారు నోరు విప్పలేదు. వచ్చినాయన సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ శనివారం శరణ్య మిఠాయి డబ్బాతో వచ్చింది.

"ఇంత మంచి ఇల్లు ఎందుకు అమ్ముతున్నరు ఆంటీ?"

"మోకాళ్ళ నొప్పులమ్మా. మెట్లెక్కలేకపోతున్నాను." భర్త నేర్పిన మాటే.

శరణ్య కూర్చోబోతూ సోఫాలో ఉన్న సంచీ పక్కకి జరిపింది. "ఊరికి పోతున్నరా?"

సరిగ్గా అప్పుడే బయట గాలి లేచింది. కిటికీలు దడదడలాడాయి. రాజ్యంగారి చెయ్యి తనకు తెలియకుండానే సంచీని అందుకుంది. ఆవిడ శరణ్య కడుపు కేసి చూసింది. ఇక ఉండబట్టలేకపోయింది.

"నేను పారిపోయేది మోకాళ్ళ నొప్పికి కాదే తల్లీ. రా, చూపిస్తాను." డెక్ దగ్గరికి తీసుకెళ్ళి పలక ఊడబెరికింది.

బేరం పోయింది. రావుగారు తొమ్మిది రోజులు భార్యతో మాట్లాడలేదు. తన పరువు తీసిందని ఊరందరికీ ఫోన్లు చేశారు. నాకూ చేశారు. నేను మధ్యలోనే పెట్టేశాను.

పదో రోజు మళ్ళీ వేడిగాలి. రాజ్యంగారు చూస్తే సోఫాలో సంచీ లేదు. బయటికి పరిగెత్తింది. కారు స్టార్టయి ఉంది. సంచీ వెనక సీట్లో ఉంది. స్టీరింగు ముందు రావుగారు కూర్చుని ఉన్నారు.

"తొందరగా ఎక్కు రాజ్యం," అన్నారు. "నాకూ మూడేళ్ళ నుంచీ నిద్రలేదు."